విండోస్ ప్రొడక్ట్ కీ తీసుకోవట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు, జవాబులు

ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసేటప్పుడు, కొత్తగా సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నప్పుడు, హోమ్ నుంచి ప్రోకి మారాలనుకున్నప్పుడు చాలామంది ఆగిపోయేది ప్రొడక్ట్ కీ, అంటే లైసెన్స్‌కు గుర్తుగా ఇచ్చే అక్షరాల కోడ్, అడిగే పెట్టె దగ్గరే. ఈ పేజీలో విండోస్ 10, 11 గురించి ఎక్కువగా, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్), లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ గురించి కొంచెం ఉంది. ఇంకో కీ కోసం డబ్బు కట్టే ముందు ఇది చదవండి. చేతిలో ఉన్న కీ మంచిదే అయినా, అది ఎక్కడ ఎందుకు ఆగిందో తెలియక రెండోది కొంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

కీ కొట్టగానే తప్పు అంటోంది. మొదట ఏం చూడాలి?

ఏ దశలో తప్పు అన్నదో చూడండి. విండోస్ ఒక కీని రెండుసార్లు పరీక్షిస్తుంది. మొదటి పరీక్ష మీ కంప్యూటర్లోనే జరుగుతుంది, దానికి నెట్ అక్కర్లేదు. అక్షరాల అమరిక సరిగా ఉందా, ఈ కీ ఏ ఎడిషన్‌ది (హోమ్, ప్రో లాంటి రకం), విండోస్ వేస్తున్న పెన్‌డ్రైవ్‌లో ఆ ఎడిషన్ ఉందా అని చూస్తుంది. రెండో పరీక్ష నెట్ తగిలాక మైక్రోసాఫ్ట్ సర్వర్ దగ్గర జరుగుతుంది. ఈ కీ ఇంతకుముందు ఎక్కడ వాడారు, ఎన్ని కంప్యూటర్లలో వాడారు, దాన్ని బ్లాక్ చేశారా అన్నది అక్కడ తేలుతుంది. దీన్నే యాక్టివేషన్ అంటారు.

సెటప్ స్క్రీన్ మీదే కీ ఆగిపోతే టైపింగ్‌లో పొరపాటో, ఎడిషన్ తేడానో అయి ఉంటుంది. మీరే సరిచేసుకోవచ్చు. విండోస్ అంతా ఎక్కి, డెస్క్‌టాప్ వచ్చాక యాక్టివేట్ కాలేదంటే అది లైసెన్స్ సంగతి. మళ్లీ ఫార్మాట్ చేసినా, కీని ఎంత జాగ్రత్తగా కొట్టినా తీరదు. ఈ తేడా తెలియక రెండో రకం సమస్యకు మూడుసార్లు ఫార్మాట్ చేయించినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడే కీ పెట్టకపోతే కంప్యూటర్ ఆగిపోతుందా? రేపు పని ఉంది.

ఆగదు, టెన్షన్ పడకండి. సెటప్‌లో కీ పెట్టె కింద ‘నా దగ్గర ప్రొడక్ట్ కీ లేదు’ అన్న అర్థం వచ్చే లింక్ ఉంటుంది. దాన్ని నొక్కి, మీ ఎడిషన్ ఎంచుకుని ముందుకు వెళ్లండి. విండోస్ పనిచేస్తుంది. స్క్రీన్ కుడివైపు కింద యాక్టివేట్ చేయమన్న రాత కనిపిస్తుంది, వాల్‌పేపర్, రంగులు మార్చుకునే సెట్టింగులు మూసి ఉంటాయి. ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింటర్ పనిచేస్తుంది. దీన్ని ఎప్పటికీ ఇలాగే వాడుకోమని చెప్పడం లేదు. కంగారులో దొరికిన కీ కొనకుండా, తీరిగ్గా చూసుకునే వీలు మీకు ఉందని చెబుతున్నాను.

అక్షరాలన్నీ సరిగానే కొట్టాను. అయినా ఒప్పుకోవట్లేదు.

విండోస్ కీలో 25 అక్షరాలు, ఐదేసి చొప్పున ఐదు గుంపులు. అందులో అన్ని అక్షరాలూ రావు. ఏ, ఈ, ఐ, ఓ, యూ అన్న అచ్చులు ఉండవు. ఎల్, ఎస్, జడ్ ఉండవు. అంకెల్లో 0, 1, 5 ఉండవు. చూడగానే ఒకదాన్ని ఇంకోటి అనుకునే ప్రమాదం ఉందని వీటిని ముందే తీసేశారు. ఎన్ అక్షరం విండోస్ 8 నుంచి వచ్చిన కీల్లోనే కనిపిస్తుంది.

దీనివల్ల మీకో మంచి ఉపాయం దొరుకుతుంది. మీరు రాసుకున్న కీలో సున్నా ఉందంటే అది సున్నా కాదు, ఓ కూడా కాదు. డీ గానీ, క్యూ గానీ అయి ఉండాలి. ఎస్ అని చదివింది 8 కావచ్చు. 5 కనిపిస్తే జీ, 6 రెండూ పెట్టి చూడండి. జడ్ అనుకున్నది 2. ఇవి పోగా మిగిలే గందరగోళం బీకీ 8కీ మధ్య, జీకీ 6కీ మధ్య, పక్కపక్కన ఉన్న రెండు వీలకూ ఒక డబ్ల్యూకూ మధ్య. చిన్న స్టిక్కర్ అయితే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. కంటికి కనిపించనిది కూడా ఫొటోలో తేలుతుంది.

వాట్సాప్‌లోంచో మెయిల్‌లోంచో కాపీ చేసి అతికిస్తే చివర ఖాళీ జాగా ఒకటి కలిసి వస్తుంటుంది. ఒకసారి చేత్తో కొట్టి చూడండి. అలాగే సెటప్ మొదట్లో భాష, కీబోర్డ్ అడిగినప్పుడు తెలుగు ఎంచుకుని ఉంటే ఇంగ్లిష్ అక్షరాలు పడకపోవచ్చు. విండోస్ బటన్, స్పేస్‌బార్ కలిపి నొక్కితే కీబోర్డ్ మారుతుంది. గీతలు మీరు పెట్టక్కర్లేదు, అవే వస్తాయి.

సెట్టింగ్స్‌లో కనిపించిన నంబర్ కొట్టాను. అది కీ కాదా?

కాదు. సిస్టమ్ గురించి తెలిపే పేజీలో ఉండేది ప్రొడక్ట్ ఐడీ. పేరు దగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడతారు. అది 20 అక్షరాలే ఉంటుంది, దాంతో ఏదీ యాక్టివేట్ కాదు. 25 అక్షరాలు లేనిది విండోస్ కీ కానే కాదు. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబర్ సంగతీ అంతే, అది వారంటీ కోసం.

‘ఈ కీ ఇక్కడున్న విండోస్ ఇమేజ్‌లలో దేనికీ సరిపోలడం లేదు’ అంటోంది. అర్థమేంటి?

మీ కీ ఒక ఎడిషన్‌ది, మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇంకో ఎడిషన్. కీ చెడిపోయిందని కాదు. నా లెక్కలో ఇది చూడటానికి భయం పుట్టించి, సులువుగా తీరిపోయే సమస్య.

హోమ్, ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ అన్నవి వేర్వేరు ఎడిషన్లు. ఒకదాని కీ ఇంకోదానికి పట్టదు. మనదేశంలో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో ఇంకో రకం బాగా కనిపిస్తుంది, హోమ్ సింగిల్ లాంగ్వేజ్. పేరులో హోమ్ ఉన్నా ఇది మామూలు హోమ్ కాదు. తెలిసినవాళ్ల దగ్గర తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ప్రో ఒక్కటే ఉంటే, మీ సింగిల్ లాంగ్వేజ్ ల్యాప్‌టాప్ కీని ఆ సెటప్ తిప్పికొడుతుంది. ఈ ఎడిషన్‌లో మెనూలు, బటన్ల భాష మొదట ఎంచుకున్నదే, తర్వాత మార్చుకోవడం కుదరదు. తెలుగులో టైప్ చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, తెలుగు కీబోర్డ్ ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

యూరప్‌లో ఉండే మనవాళ్లకు ఎన్ అనే ఎడిషన్ ఎదురవుతుంది. మీడియా ప్లేయర్ లేకుండా అక్కడి మార్కెట్ కోసం తెచ్చిన రకం ఇది. జర్మనీలో కొన్న ఎన్ కీని ఇక్కడి మామూలు ప్రో మీద పెడితే తీసుకోదు.

పరిష్కారం: మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కొత్తగా పెన్‌డ్రైవ్ చేసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫొటోలు, కాగితాలు ఏమైనా ఉంటే ముందే తీసి పెట్టుకోండి. ఈ టూల్‌తో వచ్చే ఫైల్‌లో హోమ్, సింగిల్ లాంగ్వేజ్, ప్రో, ఎడ్యుకేషన్ కలిసే ఉంటాయి. ఎంటర్‌ప్రైజ్ ఉండదు, దానికి సంస్థ ఐటీవాళ్లే దారి చూపాలి.

నా ల్యాప్‌టాప్ మీద కీ స్టిక్కరే లేదు. డబ్బాలోనూ లేదు.

విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కంపెనీలు కీని మదర్‌బోర్డ్‌లోని బయోస్‌లోనే (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) రాసి పంపిస్తున్నాయి. అందుకే స్టిక్కర్ మీద కీ ఉండదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎడిషన్‌నే మళ్లీ వేస్తే సెటప్ ఆ కీని తనే చదువుకుంటుంది, మిమ్మల్ని అడగదు. నెట్ కలిపాక యాక్టివేషన్ కూడా దానంతట అదే అయిపోతుంది. విండోస్ వేసినందుకు కాకుండా కీకి కూడా విడిగా డబ్బులడిగితే ఈ మాట గుర్తు చేయండి. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు ఆ ఎడిషన్ డబ్బు మీరు కొన్నరోజే కట్టేశారు. డాస్‌తో గానీ, లైనక్స్‌తో గానీ వచ్చిన ల్యాప్‌టాప్ అయితే మాత్రం లోపల కీ ఉండదు, కొనుక్కోవాల్సిందే.

ప్రో కీ కొన్నాను. కానీ సెటప్ కీ అడగకుండానే హోమ్ వేసేస్తోంది!

బయోస్‌లో హోమ్ కీ ఉండటమే కారణం. సెటప్‌తో పోట్లాడక్కర్లేదు. హోమ్‌నే వేయనివ్వండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోకి (విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్) వెళ్లి, ప్రొడక్ట్ కీ మార్చే చోట మీ ప్రో కీ ఇవ్వండి. ఫైళ్లు పోకుండా ప్రోకి మారిపోతుంది.

విండోస్ 7 స్టిక్కర్ కీతో విండోస్ 10 వేసుకున్నట్టు గుర్తు. ఇప్పుడు ఎందుకు పట్టట్లేదు?

మీ గుర్తు నిజమే. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. ఏడాదిపాటు ఉచిత అప్‌గ్రేడ్ అన్నారు. ఆ గడువు 2016లోనే ముగిసినా, 7, 8 కీలు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేస్తూనే వచ్చాయి. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది. అప్పటికే ఆ కంప్యూటర్లో 10 యాక్టివేట్ అయి ఉంటే మీ హక్కు పోలేదు. దానికి డిజిటల్ లైసెన్స్ ఉంటుంది, అంటే కీ కొట్టకుండానే సర్వర్ ఆ కంప్యూటర్‌ను గుర్తుపడుతుంది. సెటప్‌లో కీ లేదని చెప్పి, అదే ఎడిషన్ వేసి, నెట్ కలపండి. విండోస్ 10 కీ అదే ఎడిషన్ 11కి ఇప్పటికీ పట్టుతుంది. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, కంప్యూటర్ తట్టుకుంటే 11 వేయడమే మేలు.

విండోస్ ఎక్కింది కానీ యాక్టివేట్ కాలేదు. ఏదో కోడ్ చూపిస్తోంది.

ఆ కోడ్ మొత్తం రాసుకోండి, లేదా ఫొటో తీసుకోండి. అందులో చివరి నాలుగు అక్షరాల్లోనే చాలావరకు జవాబు ఉంటుంది.

చివర ఎఫ్050 అని ఉంటే కీ తప్పు, మళ్లీ చూసి కొట్టండి. ఎఫ్034 అంటే కీ వేరే ఎడిషన్‌ది కావచ్చు. సీ008 అంటే ఈ కీని ఒప్పుకున్నదానికంటే ఎక్కువ కంప్యూటర్లలో వాడేశారు. మీరు పాత కంప్యూటర్ నుంచి మార్చుకుంటున్నారా, లేక ఎవరో ఇదే కీని పదిమందికి అమ్మారా అన్నది ఇక్కడ తేల్చుకోవాలి. సీ003 వస్తే సర్వర్ ఆ కీని చెల్లదని పక్కన పెట్టేసిందని అర్థం. ఈ మధ్యే కొన్న కీకి ఇది వస్తే నేరుగా అమ్మినవాళ్లను అడగండి. ఎఫ్213, ఎఫ్211 అనేవి మదర్‌బోర్డ్ లాంటి భాగం మారినప్పుడు వస్తాయి.

80072ఎఫ్8ఎఫ్ అన్న కోడ్ వస్తే ముందు టైమ్, తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డ్ మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, కరెంట్ తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్‌తో భద్రంగా మాట్లాడటం కుదరక యాక్టివేషన్ ఆగుతుంది. ఆ బ్యాటరీ పెద్ద ఖర్చేమీ కాదు. దాన్ని మార్చి, తేదీ సరిచేసి, మళ్లీ ప్రయత్నించండి.

మదర్‌బోర్డ్ మార్పించాక విండోస్ యాక్టివేషన్ పోయింది.

డిజిటల్ లైసెన్స్ అన్నది ఆ కంప్యూటర్ భాగాలను గుర్తుపెట్టుకుని ఇచ్చేది. ర్యామ్, హార్డ్‌డిస్క్ మార్చినా సాధారణంగా గొడవ ఉండదు. మదర్‌బోర్డ్ మారితే సర్వర్‌కు అది కొత్త కంప్యూటరే. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయ్యి, దాన్ని ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంటే యాక్టివేషన్ పేజీలోని ట్రబుల్‌షూటర్ తెరవండి. ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్పి, జాబితాలో మీ కంప్యూటర్ ఎంచుకుంటే సరిపోతుంది. ఇంకా మార్పించనివాళ్లు ఇప్పుడే అకౌంట్‌తో లాగిన్ అయి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ వారంటీలో ఉండి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బోర్డ్ మార్చారా? అయితే కొత్త బోర్డ్‌లో కీ రాసి ఇచ్చారా అని అక్కడే అడగండి. ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ తిరగాల్సి వస్తుంది.

పాత కంప్యూటర్ కీని కొత్తదానికి వాడుకోవచ్చా?

విడిగా కొన్న రిటైల్ కీ అయితే వాడుకోవచ్చు, ఒకసారికి ఒక్క కంప్యూటర్లోనే. ముందు పాతదాంట్లోంచి తీసేయండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం కీ ఆ ల్యాప్‌టాప్‌తోనే ఉండాలి. అది పాడైనా కీ ఇంకోదానికి రాదు.

కీ చూపించే సాఫ్ట్‌వేర్‌తో పాత కంప్యూటర్ కీ రాసుకున్నాను. కొత్తదాంట్లో పనిచేయట్లేదు.

ఆ కీ చివరి గుంపు చూడండి. 3వీ66టీ అనో, 8హెచ్‌వీఎక్స్7 అనో ఉంటే అది మీ సొంత కీ కాదు. డిజిటల్ లైసెన్స్ ఉన్న ప్రో, హోమ్ కంప్యూటర్లలో విండోస్ పెట్టుకునే సాధారణ కీలవి. లక్షల కంప్యూటర్లలో అవే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేయడానికి పనికొస్తాయి, యాక్టివేషన్ ఇవ్వవు.

ఆన్‌లైన్‌లో 300, 500 రూపాయలకే కీ దొరుకుతోంది. కొనొచ్చా?

కొనొద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అధికారికంగా వేలల్లో ఉన్న లైసెన్స్‌ను ఎవరూ అంత తక్కువకు ఇవ్వలేరు. ఇలా తిరిగే కీలలో కొన్ని ఒక సంస్థకు చాలా కంప్యూటర్ల కోసం ఇచ్చిన వాల్యూమ్ కీలు. కొన్ని చదువుల కోసమో, డెవలపర్ల పరీక్షల కోసమో ఇచ్చినవి. కొన్ని పారేసిన కంప్యూటర్ల స్టిక్కర్ల నుంచి తీసినవి. కొన్న రోజు చాలావరకు పనిచేస్తాయి, అందుకే రివ్యూలన్నీ ఐదు చుక్కలతో కనిపిస్తాయి. కొన్నాళ్లకు సంస్థ లెక్క నిండిపోతుంది, లేదా మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేస్తుంది. అప్పటికి అమ్మినవాడి పేజీయే ఉండకపోవచ్చు.

ఇంటర్నెట్ సెంటర్, ట్యూషన్, చిన్న ఆఫీసు నడిపేవాళ్లకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. కీ పనిచేసినంత మాత్రాన లైసెన్స్ మీదైపోదు. తనిఖీ వస్తే చూపించడానికి బిల్లు కూడా ఉండదు. డబ్బు సర్దుబాటు కాకపోతే యాక్టివేట్ చేయకుండా కొన్నాళ్లు వాడండి, లేదా విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు, లైనక్స్ మింట్ వేసుకోండి. రెంటిలోనూ తెలుగు చదవడం, రాయడం బాగానే సాగుతుంది.

యూట్యూబ్‌లో చూపించే యాక్టివేటర్ ఫైల్ వాడితే?

ఆ వీడియోల్లో మొదట చెప్పే మాట యాంటీవైరస్ ఆపేయమని. అక్కడే ఆగిపోండి. అడ్మిన్ అధికారంతో, కాపలా లేకుండా, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌ను మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లున్న కంప్యూటర్లోకి పిలుస్తున్నారు.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే యాక్టివేషన్ పోయింది. కీ చెల్లదా?

పెద్ద సంస్థలు, కాలేజీలు కేఎంఎస్ అనే పద్ధతి వాడతాయి. సంస్థ నెట్‌వర్క్‌లో ఉండే సర్వర్ ఒక్కో కంప్యూటర్‌కు 180 రోజుల యాక్టివేషన్ ఇస్తుంది, నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడల్లా అది కొత్తదవుతుంది. ఇంట్లో నెలల తరబడి ఉంటే గడువు దాటిపోతుంది. ఎఫ్074 అన్న కోడ్ దీనికి గుర్తు. ఇంటి నుంచే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ కలపండి, లేదా ఒకరోజు ఆఫీసుకు తీసుకెళ్లండి. మీ సొంత కీ పెట్టకండి, ఐటీవాళ్లకు చెప్పండి. ఉద్యోగం మానేసినవాళ్లు తెచ్చుకున్న ల్యాప్‌టాప్ అయితే ఆ లైసెన్స్ సంస్థదే.

ఆఫీస్ కీ ‘ఇప్పటికే వాడేశారు’ అంటోంది. కార్డ్ నేనే గీకాను!

ఆఫీస్ పద్ధతి వేరు. 2019, 2021 లాంటి ఇంటి ఎడిషన్లలో కార్డ్ మీద ఉన్న కీని ఒకే ఒక్కసారి మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇవ్వాలి. అది ఆ క్షణంలో లాగిన్ అయి ఉన్న అకౌంట్‌కు అంటుకుపోతుంది. తర్వాత కీతో పనిలేదు, అకౌంటే మీ లైసెన్స్. రెండోసారి అదే కీ ఇస్తే వాడేశారనే అంటుంది. కాబట్టి షాపులో వేసిచ్చినప్పుడు ఏ మెయిల్‌తో పెట్టారో అడగండి. షాపు మెయిల్‌తో పెట్టి ఉంటే వచ్చేసారి మీకు దారి ఉండదు. ఇంట్లోవాళ్ల మెయిల్స్‌తో కూడా ఒక్కొక్కటిగా లాగిన్ అయి చూడండి, పిల్లల అకౌంట్‌లో బయటపడటం మామూలే.

ల్యాప్‌టాప్‌తోపాటు ఆఫీస్ వచ్చిందంటే దానికి కీ కార్డ్ ఉండకపోవచ్చు. వర్డ్ తెరిచి, మీ సొంత అకౌంట్‌తో లాగిన్ అయితే ఆఫర్ కనిపిస్తుంది. దానికి గడువు ఉంటుంది కాబట్టి కొన్న వారంలోనే పని పూర్తి చేయండి. ట్రయల్ ఆఫీస్ ఇంకా ఉంటే తీసేసి కొత్తది వేయండి. రెండూ కలిసి ఉంటే లేని తప్పులు చూపిస్తాయి.

ట్యాలీ, యాంటీవైరస్ కీలు కూడా ఇలాగేనా?

కొంతవరకు. కొత్త కంప్యూటర్‌కు మారేటప్పుడు ట్యాలీలో పాతదాంట్లో లైసెన్స్ సరెండర్ చేసి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. అన్‌లాక్ కీ వచ్చేది లైసెన్స్ తీసుకున్నప్పుడు ఇచ్చిన మెయిల్‌కే. ఆ మెయిల్ మానేసిన అకౌంటెంట్‌ది అయితే పని ఆగిపోతుంది, ముందే మార్పించుకోండి. యాంటీవైరస్‌లో కూడా పాత కంప్యూటర్లో డీయాక్టివేట్ చేయకుండా ఫార్మాట్ చేస్తే, కొత్తదాంట్లో లెక్క అయిపోయిందనవచ్చు.

సహాయానికి ఎవరికి ఫోన్ చేయాలి?

గూగుల్‌లో వెతికి దొరికిన టోల్‌ఫ్రీ నంబర్‌కు చేయకండి. విండోస్‌లోనే ఉండే ‘గెట్ హెల్ప్’ యాప్ తెరవండి, లేదా మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి వెళ్లండి. కీ సరిచేస్తామని చెప్పి మీ స్క్రీన్ చూసే యాప్ వేయించి, చిన్న మొత్తం కట్టమనేవాళ్లు మోసగాళ్లు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కీ నిజంగానే చెడ్డది. అమ్మినవాళ్లు ఒప్పుకోవట్లేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా మీకు బలం జీఎస్టీ బిల్లు. కార్డ్ ముందు, వెనక ఫొటోలు, ఎర్రర్ కోడ్ కనిపించే స్క్రీన్ ఫొటో, మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌వాళ్లు కీ గురించి చెప్పిన చాట్ కలిపి పెట్టుకోండి. కార్డ్ గీకేటప్పుడు అక్షరాలు చెరిగిపోతే కూడా ముందు అడగాల్సింది అమ్మినవాళ్లనే. మాటల్లో కాకుండా మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో రాసి అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, అది రాసి పెట్టుకోండి.